పరదాకు కాజా

మా వదిన మిషన్ కుడుతుంది, నేను గుండీలకు కాజాలు తీస్తాను. మాకున్నది ఒకటే గది, దానికి ఒకటే కిటికీ. ఆ వెలుతురు లేకపోతే ఆమెకు సూదిలోకి దారం ఎక్కదు, మా పొయ్యి వెలగదు.

ఆ కిటికీ ముందున్న రోడ్డు మీదుగా, సర్కారును నడిపే పెద్దాయన రోజూ కారులో ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఇక నుంచి పగలంతా రోడ్డు వైపు కిటికీలు మూసుకోవాలని వార్డు ఆఫీసరు వచ్చి చెప్పాడు.

"కిటికీ నాది కదా సార్," అంది వదిన.

"నీదేనమ్మా, ఎవరు కాదన్నారు? మూసుకోమన్నాం, అంతే."

వదిన కోర్టుకెక్కింది. దేశ భద్రతకే ప్రమాదమని సర్కారు వకీలు గొంతు చించుకున్నాడు.

"కుట్టుమిషన్‌తో ఏం ప్రమాదమండీ?" అని జడ్జిగారు అడిగారు.

"సూదులున్నాయండీ."

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆఫీసరు నోటిమాట చట్టం కాదనీ, తన ఇంట్లో తన వెలుతురులో పని చేసుకు బతకడం ఆమె హక్కనీ తీర్పిచ్చారు. మేము ఇంటికొచ్చి కిటికీ బార్లా తెరిచాం.

మర్నాడు కిటికీకి బెత్తెడు దూరంలో, వీధి పొడవునా మందపాటి పరదా కట్టేశారు. గది చీకటైపోయింది.

"ఇదేంటి సార్?" అని ఆఫీసరును అడిగింది వదిన.

"కోర్టంటే మాకెంత గౌరవమో చూడమ్మా! నీ కిటికీని వేలితోనైనా ముట్టుకున్నామా? హాయిగా తెరుచుకో. పరదా మాత్రం ప్రభుత్వానిది."

అతను మలుపు తిరగగానే వదిన కత్తెర అందుకుని, కిటికీకి ఎదురుగా ఉన్న గుడ్డ కోసేసింది. "ఇక నీ పని నువ్వు చెయ్యవే," అంది నాతో. అంత కాజా నా జన్మలో తీయలేదు. అంచంతా చుట్టి కుట్టేసరికి వేళ్లు వాచాయి. వెలుతురు మాత్రం వచ్చి మిషన్ మీద పడింది.

ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభుత్వ ఆస్తిని చించుతారా!"

"చించితే పోగులు లేస్తాయి సార్. ఒక్క పోగు చూపించండి. దారం కూడా మాదే."

అతను నిజంగానే అంచంతా తడిమి చూశాడు. పైవాళ్లను అడిగి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"మీ కాజా ఉండనిస్తారటమ్మా. కోసిన ముక్కనే మూతలా కుట్టి, ఒక గుండీ పెట్టండి. పెద్దాయన వెళ్లేటప్పుడు మూసుకుంటే చాలు."

"అలాగే సార్. గుండీ ఏ వైపు? మా వైపా, రోడ్డు వైపా?"

"రోడ్డు వైపే. పెట్టడం, తీయడం మావాళ్లు చూసుకుంటారు. మీకెందుకు శ్రమ?"

వదిన కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

"పదవే," అంది. "కోర్టు మూసే వేళ ఇంకా కాలేదు."