తెర మీద పై వరుస

ఏడో పంపుకు తాళం వేసి, "వేశాను, దిగు" అని పొద్దున మబ్రూక్‌కు ఫోన్‌లో చెప్పింది నేనే. అతను దాని గొట్టంలోకి దిగి మట్టి తీస్తున్నాడు. మా గాబెస్ నీళ్ల కేంద్రంలో తాళమంటే ఇనుప తాళం కాదు, తెర మీద వేసేది. ట్యాంకు నలభై శాతానికి పడిందంటే తాళం లేని పంపులన్నీ వాటంతటవే తిరుగుతాయి.

ఇన్నేళ్లూ కేంద్రంలోని పాత తెర ముందే కూర్చుని ఆ పని చేశాను. ఊళ్లో ఆఫీసు నుంచి, కొత్త విండోస్ లాప్‌టాప్‌లో చేయడం ఇదే మొదలు. అక్కడి ముసలి యునిక్స్ యంత్రం పంపే అక్షరాలను ఇక్కడో చిన్న ప్రోగ్రాం ఆ పాత తెరలాగే నటిస్తూ చూపిస్తుంది. చూడ్డానికి అచ్చం అదే.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మబ్రూక్ ఫోన్ చేశాడు. నన్ను గౌరవంగా లెల్లా అని పిలుస్తాడు. "లెల్లా రఫీకా, గాలి కోసం పైకొచ్చా. ఇంకో గంట పనుంది. ఉపవాసం నాడు నన్ను దింపి, గొట్టంలో పట్టని లావోళ్లంతా ఇళ్లకు చెక్కేశారు చూడు."

"మాటలాపి తొందరగా కానీ. ఇఫ్తార్‌కి మీ ఆవిడ జోహ్రా ఎదురుచూస్తుంటుంది."

"నువ్వుండగా నాకేం భయం" అని నవ్వి మళ్లీ దిగాడు.

ట్యాంకు చూశాను. నలభై రెండు. ఊరంతా వంటలు మొదలుపెట్టింది. అలవాటుగా పై వరుస చదవబోయాను. కేంద్రంలో ఈ పంపుల ప్రోగ్రాం రాసిన మా పెద్దాయన సీ హెదీ అన్నిటికన్నా పైన బిస్మిల్లా పెట్టాడు. అది చదవకుండా మీట నొక్కొద్దని రిటైరయ్యేదాకా నన్ను సతాయించాడు. పొద్దున తొందరలో నేను చదవలేదు.

ఇప్పుడు చూస్తే అది అక్కడ లేదు.

వరుసలు లెక్కపెట్టాను. యంత్రం గీసేది ఇరవై నాలుగు వరుసలు. నా లాప్‌టాప్ తెర మీది కిటికీలో పట్టేది ఇరవై మూడే. పై వరుస ఎగిరిపోయి, పంపుల పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. పంపును ఎంచే బాణం గుర్తు మాత్రం పాత చోటే పడింది. పొద్దున ఏడు పక్కన కనిపించిన బాణం నిజానికి ఆరుది. తాళం ఆరుకు పడింది. ఏడు తిరగడానికి సిద్ధంగా ఉంది, మబ్రూక్ దాని గొట్టంలో ఉన్నాడు.

ఫోన్ చేశాను. లోపల సిగ్నల్ లేదు. నలభై ఒకటి.

కిటికీ అంచు పట్టుకుని కిందికి లాగాను. రెండుసార్లు జారింది. తెరను మళ్లీ గీయించాను. బిస్మిల్లా వచ్చింది. పైకే చదివాను. బాణాన్ని ఏడుకు దించి నొక్కాను. దాని పక్కన "తాళం" అని పడింది. ఆ వెంటే అంకె నలభై అయింది. పక్కనున్న ఎనిమిదితో సహా తాళం లేని పంపులన్నీ తిరగడం మొదలుపెట్టాయి. ఏడు కదల్లేదు.

పొద్దు గుంకే మగ్రిబ్‌కు కాస్త ముందు మబ్రూక్ మళ్లీ చేశాడు. "అయిపోయింది లెల్లా. పక్క పంపు ఉరిమేసరికి గుండె ఆగినంత పనైంది. నువ్వు తాళం వేశావుగా అని ఊరుకున్నా."

"పొద్దున వేసింది ఆరుకి, మబ్రూక్. నీ పంపుకి వేసింది, ఆ చప్పుడుకి ఒక్క నిమిషం ముందు."

ఫోన్‌లో అజాన్ వినిపించింది.

"జోహ్రాకి చెప్పకు" అన్నాడు.