ఎంగిలి ప్లగ్గు

పూర్ణిమా రెసిడెన్సీలో ఈ ఉదయం మరో మెట్టు పోయింది. నిన్నటికి పది, ఈరోజుతో పదకొండు. విరిగిపోవడం కాదు, లేకుండా పోవడం. మెట్టు ఉన్నచోట గాలి ఉంది, అంతే.

కారణం హైమావతికి తెలుసు. కరెంటాఫీసులో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి. మెట్ల కింద ఒక ఎలక్ట్రిక్ స్కూటర్‌ను చార్జింగుకు పెడితే పైన, మొదటి అంతస్తుకు ఎక్కే వరసలో, ఒక మెట్టు పోతుంది. పదకొండు బండ్లకూ కలిపి మేకుకు వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటే. పైగా బండికి చలేస్తుందని దుప్పట్లు కప్పుతారు, మహానుభావులు.

అది లిఫ్టు లేని పాత బిల్డింగు. జనం తాడు పట్టుకుని ఎక్కుతారు, దూకి దిగుతారు. దిగి, మోకాళ్లు దులుపుకుని, మంచి వ్యాయామమని మురిసిపోతారు. పోయిన ప్రతి మెట్టు చోటా ఒక నిమ్మకాయా నాలుగు మిరపకాయలూ వేలాడుతున్నాయి. అసోసియేషన్ తీసుకున్న భద్రతా చర్య అదొక్కటే.

హైమావతి అక్క సుభద్ర నాలుగో అంతస్తులో ఉంది. మోకాలి ఆపరేషన్ అయింది, ఈరోజు కుట్లు విప్పించాలి. దూకడం ఆమె వల్ల కాదు.

"బండ్లు ప్రహరీ పక్కన ఆరుబయట పెట్టించండి. విడిగా లైను లాగిద్దాం" అంటుంది హైమావతి.

"ఎండకి రంగు పోద్దండీ" అంటాడు సెక్రటరీ గోవర్ధనరావు.

"మరి మా అక్క దిగొద్దా?"

"మెట్లు మీ నాలుగో అంతస్తు దాకానేగా పోయేది? బండి ఊరంతా తిరుగుద్ది. ఏది ముఖ్యమో మీరే చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతారు. ఊపడానికి తప్ప ఆ తలలతో వాళ్లకు ఇంతవరకు వేరే పని పడలేదు. వాళ్లను చూస్తే హైమావతికి ఒళ్లు మండుతుంది.

రబ్బరు చెప్పులు వేసుకుని మెట్ల కిందికి వంగి ఒక ప్లగ్గు పీకుతుంది. ఒక మెట్టు తిరిగొస్తుంది. ప్లగ్గు కింద పెడితే మళ్లీ పోతుంది. పట్టుకున్నంతసేపే మెట్టు. సరే, వేలికొకటి చొప్పున పది ప్లగ్గులు తగిలించుకుంటుంది. "అక్కా, ఇక దిగు!" అని కేకేసి పదకొండోదాన్ని పళ్ల మధ్య పెట్టుకుంటుంది.

సుభద్ర గోడ పట్టుకుని మూడో అంతస్తు, రెండో అంతస్తు, మొదటి అంతస్తు దాటుతుంది. చివరి వరసలో సగం దిగేసరికి బండ్ల ఓనర్లు ఫోన్లు పట్టుకుని వస్తారు.

"నా బండి చార్జింగు తొంభై రెండు శాతం దగ్గర ఆగిపోయిందండీ!"

హైమావతి వేళ్లు వదలవు. అందుకని వాళ్లు ఆమె చేతులను మణికట్ల దగ్గర తిప్పి ఊడదీసి, ప్లగ్గులతో సహా తీసుకుపోతారు. పని కాగానే తిరిగిస్తామంటారు, మర్యాదస్తులు కదా. పది ప్లగ్గులు బోర్డుకు చేరతాయి. పది మెట్లు పోతాయి.

మిగిలింది గోవర్ధనరావు ప్లగ్గు. చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకుంటాడు.

"అయ్యో, ఎంగిలైందే. కాస్త కడిగిప్పించండి, అందాకా ఇక్కడే ఉంటాను."

ఆ ఒక్క ప్లగ్గు మీద, గాలిలో, ఒక్క మెట్టు మీద సుభద్ర నిలబడి ఉంది.

ఒక దుప్పటి కింద నుంచి పొగ లేస్తుంది. నల్లగా, పద్ధతిగా, అంచులు తీరి, మెట్టు మీద మెట్టుగా సుభద్ర పాదాల దాకా పేరుకుంటుంది.

"చూశారా, వాటంతటవే వచ్చేశాయి! ఊరికే కంగారు పెట్టారు" అంటాడు గోవర్ధనరావు. మొదటి పొగ మెట్టు కింద నిమ్మకాయ పెడతాడు. అందరూ చప్పట్లు కొడతారు.

"దిగనా హైమా?" అంటుంది అక్క.

నోరు తెరిస్తే ప్లగ్గు జారుతుంది, అక్క మెట్టు పోతుంది. హైమావతి తలను అడ్డంగా ఊపుతుంది, మెడ పట్టేసేలా ఊపుతుంది.

"సరేనంటున్నారమ్మా, దిగండి" అంటారు, తలలూపడంలో ఆరితేరినవాళ్లు.

శుభమని సుభద్ర కుడికాలే ముందు పెడుతుంది. పొగలోంచి రెండు చేతులు వచ్చి ఆ పాదాన్ని జాగ్రత్తగా అందుకుంటాయి. అవి హైమావతి చేతులే. పది వేళ్ల చివర్లలోనూ పది చిన్న మంటలు వెలుగుతున్నాయి.