చిలకమ్మ సీసా

ఆ రోజు ఇంట్లో అయిదుగురున్నారు: పిన్ని, బాబాయి, బాబాయి వాళ్ళ అక్క, పెద్ద హోటల్ వంటమేస్త్రి, వంటింటి తలుపు చాటున చిలకమ్మ. చిలకమ్మ పిన్నికి అక్క కూతురు. నోరు విప్పదు కాబట్టి బాబాయి వెటకారంగా ఆ పేరు పెట్టాడు.

వంటమేస్త్రి వచ్చింది ఉప్పునీళ్ళలో వాటంతటవే పులిసే ఊరగాయల రుచి చూడడానికి. నచ్చితే, పెట్టినవాళ్ళను తన వంటశాలలో పనికి తీసుకుంటానన్నాడు. పిన్నికి ఆ పని అక్కర్లేదు. అంతటివాడు ఇంటికి వచ్చాడని నలుగురికీ చెప్పుకోవడం కావాలి. చిలకమ్మకు ఆ పనే కావాలి.

పది రోజుల కిందట పిన్ని ఊరగాయల పుస్తకం తెచ్చి బొమ్మలు చూసింది. అక్షరాలు చిలకమ్మ చదివింది. పిన్నికి శుభ్రమంటే ప్రాణం. సీసా ఉడకబెట్టింది. ఉప్పునీళ్ళు మరగబెట్టి, పొగలు కక్కుతుండగానే కీరదోస ముక్కల మీద పోసింది. పులియబెట్టాల్సిన క్రిములన్నీ ఆ పూటే స్వర్గానికి పోయాయి. ఆ సంగతి తెలియక పిన్ని రోజూ పొద్దున్నే సీసాకు చెవి ఆనించి, బుడగల చప్పుడు కోసం కాచుకుని కూర్చునేది.

“ఏమంటోందే? బావగారు బాగున్నారా అని అడుగుతోందా?” అనేవాడు బాబాయి.

చిలకమ్మ చన్నీళ్ళలో ఉప్పు కలిపి, ముక్కలు పైకి తేలకుండా చిన్న గిన్నె బరువు పెట్టి, తన మంచం కింద ఇంకో సీసా దాచుకుంది. మూడోనాటికి నీళ్ళు మసకబారి బుడగలు లేచాయి. వంటమేస్త్రి వచ్చే రోజు పొద్దున గది ఊడుస్తూ పిన్ని దాన్ని చూసింది. తెచ్చి బల్ల మీద పెట్టి, తన సీసాను బల్ల కిందకు తోసేసింది.

వంటమేస్త్రి ముక్క కొరికాడు. కరకరలాడింది.

“ఎన్నాళ్ళు ఊరిందమ్మా?”

“నలభై రోజులండీ. కంటికి రెప్పలా చూసుకున్నాను.”

“నలభయ్యా! నువ్వు పుస్తకం తెచ్చి పది రోజులే కదే మరదలా,” అంది బాబాయి వాళ్ళ అక్క, ఇంకో ముక్క తీసుకుంటూ.

“నలభై రోజులు ఈ ఎండల్లో బయట ఉంటే ముద్దయిపోతుందమ్మా,” అన్నాడు వంటమేస్త్రి. “దీనికి వారం కూడా నిండలేదు.”

“ఆరు రోజులండీ.”

అందరూ తలుపు వైపు తిరిగారు. చిలకమ్మకు చెవులు కాలిపోతున్నాయి. అయినా ఆగలేదు.

“బుడగలు లేచిన దగ్గర్నుంచి రోజూ ఒకసారి మూత వదులు చేశాను, గాలి పోవాలని.”

“పెట్టింది నువ్వా?”

“నేనేనండీ. పనిస్తే రేపట్నుంచే వస్తాను.”

ఆ ఇంట్లో ఏడాది మొత్తానికి ఆమె అన్ని మాటలు మాట్లాడలేదు. పిన్ని గలగలా నవ్వింది.

“దాని మాటలు పట్టించుకోకండి. కాస్త తిక్కపిల్ల.”

“అమ్మాయిని ఇలా రానివ్వండమ్మా,” అంటూ వంటమేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

పిన్ని ఆయనకంటే ముందే లేచింది. ముఖాన నవ్వు చెదరకుండానే నాలుగంగల్లో వచ్చి, చిలకమ్మ ముక్కు మీదే తలుపు మూసేసింది.