పాత నూనె మీద కొత్త నూనె

పకోడీలు వేయించగా మిగిలిన నూనెను గుడ్డలో వడకట్టి డబ్బాలో పోసి, దాని మీద కొత్త నూనె పోస్తున్నాను. నా కొడుకు కిరణ్‌కుమార్ వంటింటి గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వాడు.

"మీనా, ఇలాగొచ్చి సూడు! మీటింగులో నేను సెప్పింది ఇదే కదా!"

"నా వంటింటి గొడవ మీ మీటింగులో ఏటిరా?" అన్నాను.

"పాతదాని మీద కొత్తది పోస్తే ఏటవుతాదని మా సాహెబ్ అడిగినారమ్మా. మా అమ్మ పెళ్ళయిన కాడ్నించీ అలాగే పోస్తంది, మా ఇల్లు ఎప్పుడైనా తగలడిపోయిందా అన్నాను. అందరూ ఒకటే నవ్వు."

వాళ్ళు నవ్వినప్పుడు నా కోడలు మీనాకుమారి ఆ గదిలోనే ఉంది. మా ఊరి బయట సాలువా దారిలో ఉన్న ఇనుప కార్ఖానాలో ఇద్దరూ పనిచేస్తారు. వీడు సామాను కొంటాడు, ఆమె యంత్రాలు చూస్తుంది. కొడుకు బడి పుస్తకాల్లోంచి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అర్థమయ్యేదాకా ఏదీ వదలను. అడిగి అడిగి మీనా చేత చెప్పించుకున్నాను. కొలిమి పక్కనే కాలిన ఇనుమును నొక్కే పెద్ద ప్రెస్సు ఉందట. గొట్టాల్లో ఒత్తిడితో పారే నూనే దాన్ని నడుపుతుందట.

"గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా చాలత్తా, నూనె మంచులాగ చిమ్ముతాది. ఎర్రగా కాలిన ఇనుము మీద పడితే భగ్గుమంటాది. అందుకే నీళ్ళు కలిసిన రకం ఎంచినాను. అది అసలు మండదని కాదు. అంటుకోడం కష్టం, అంటుకున్నా మంట పాకదు. కానీ పాతది కలిస్తే ఆ గుణం పోతాది. పాతదంతా తీసేసి, గొట్టాలు కడిగి అప్పుడు పొయ్యాలి."

కడగాలంటే ప్రెస్సు ఆపాలి. ఆపడం సాహెబ్‌కి ఇష్టం లేదు. పాతదాని మీదే పోసేసి, అంతా కడిగించానని మీనా సంతకం పెట్టాలట. ఆమె పెట్టనంది.

కిరణ్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు సెప్తే వింటాదమ్మా. పెట్టకపోతే బదిలీ సేసి దుర్గాపూర్ తోసేస్తారు. అది ఎల్లిపోతే నువ్వు ఉండగలవేటి?"

ఎక్కడ గుచ్చాలో వాడికి తెలుసు. పెళ్ళి చేసి, పలాస నుంచి తీసుకొచ్చి మా నాన్న నన్ను ఈ పరాయి ఊళ్ళో దింపి తిరుగు బండి ఎక్కిన రోజు నుంచీ నాకు రైలు కూత అంటే భయమే. చెల్లెలు రైలెక్కి వెళ్ళిపోయింది, కూతురు అత్తారింటికి వెళ్ళిపోయింది, ప్రతిసారీ చెయ్యి ఊపి ఇంటికొచ్చి అన్నం వండాను. "ఇంట్లో కూర్చుని నువ్వు చేసేదేటి?" అనేవారు మా ఆయన ఎర్రయ్య. ఆయన పోయేదాకా జవాబు దొరకలేదు నాకు. నేను చేసే పని గురించి నలుగురు మగవాళ్ళ మధ్య ఎవరైనా మాట్లాడటం ఇదే మొదటిసారి. అదీ నా కోడలి నోరు మూయించడానికి! ఆమె ఇంటికొచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా వీడు తిన్న కంచం తీసింది. ఇప్పుడు ఆమె చేత సంతకం నేను పెట్టించాలట.

పొయ్యి ఆపి జాకెట్టు చెయ్యి పైకి తోశాను. మోచేతి నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి మెరిసింది.

"తగలడిందా అని అడిగినావు కదా, సూడు. వాడిన నూనే పొంగి అంటుకుంది. నువ్వు బళ్ళో ఉన్నావు. మీ నాన్న వచ్చి, వంటయిందా అన్నారు. ఇల్లు తగలడలేదురా. నేను తగలడినాను."

"నాకెప్పుడూ సెప్పలేదేటమ్మా?"

"ఇన్నేళ్ళూ పొడుగు సేతులెందుకు కుట్టించుకున్నానో నువ్వు అడిగినావేటి? అక్కడ కొలిమి కాడ నిలబడేది నీ సాహెబ్ కాదు, నువ్వూ కాదు."

మీనా కంచం కింద పెట్టి నా దగ్గరకొచ్చింది. జాకెట్టు చెయ్యి కిందికి లాగి ఆమె వైపు తిరిగాను.

"సంతకం పెట్టకమ్మా. దుర్గాపూర్ పంపితే మనిద్దరికీ రెండు టిక్కెట్లు తియ్యి. ఎప్పుడూ ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేది నేనే. ఈసారి వాడు నిలబడతాడు."