తోడికోడలి కళ్ళకింద గుంటలు

పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో అందగత్తె అంటే పెద్దకోడలే. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిల్ల కంటిపక్క పుట్టుమచ్చను అందరూ ముచ్చటగా మెచ్చుకున్నారు గానీ, ఆ గండం ఎలాగో గడిచిపోయింది. అలాంటిది మొన్న ఆదివారం ఆ చిన్నకోడలే కళ్ళకింద గుంటలు మాయమై, నున్నని మొహంతో గుమ్మంలో దిగింది. పెళ్ళాం జుట్టు కత్తిరించుకున్నా నెల్లాళ్ళకు గాని గమనించని మహానుభావుడు, పెద్దకోడలి మొగుడు, "మరదలి మొహంలో కళొచ్చిందే" అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? ఫోటో స్టూడియోలో ఆవిడ ఉద్యోగమే అది. కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి కళ్ళకింద గుంటలూ పూడుస్తుంది. తనవి మాత్రం అద్దంలో రోజురోజుకీ లోతవుతున్నాయి.

మర్నాడే గుట్టుచప్పుడు కాకుండా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ బొటనవేలితో కంటికింద నొక్కి చూసింది.

"జెల్ ఇంజెక్షన్‌తో గుంట నిండుతుంది. కానీ మీ చర్మం మరీ పల్చన, లోపలి జెల్ నీలంగా కనబడొచ్చు. మీ ఒంట్లో కొవ్వే తీసి పెట్టించుకోవచ్చు, వాపు మాత్రం కొన్నాళ్ళుంటుంది. క్రీములు నలుపు తగ్గిస్తాయేమో గానీ గుంట పూడ్చవు. ఏమీ చేయించుకోకపోయినా నష్టం లేదమ్మా."

"మా తోడికోడలికి చక్కగా కుదిరిందండీ."

"ఒక్కొక్కరి చర్మం ఒక్కోలా ఉంటుంది."

దేవుడు ఆఖరికి చర్మంలో కూడా పక్షపాతం చూపించాడన్నమాట. అక్కణ్ణుంచి తిన్నగా తోడికోడలింటికే వెళ్ళింది.

"ఏమే, నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నీకు తెలుసనుకున్నానక్కా. నువ్వు చేసిన మొహమేగా ఇది."

చిన్నకోడలు ఫోన్లో నిరుటి ఫ్యామిలీ ఫోటో తీసి చూపించింది. అందులో అందరి గుంటలూ పెద్దకోడలే పూడ్చింది. తన మొహానికి ఏ మెరుగులూ అక్కర్లేదని అప్పట్లో తనది వదిలేసింది.

"ఇది డాక్టరుకి చూపించి, అచ్చం ఇలాగే కావాలన్నా."

పెద్దకోడలు ఫోటోనీ, ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"కంటిపక్క పుట్టుమచ్చేదే?"

"ఫోటోలో తీసేశావుగా. నీకు నచ్చలేదేమోనని అదీ తీయించేశానక్కా."

"చేయి జారి ఉంటుందే" అని, కాఫీ ఇస్తానన్నా ఆగకుండా వచ్చేసింది.

స్టూడియోకి వెళ్ళి అదే ఫోటో తెరిచింది. తోడికోడలి కళ్ళకింద గుంటల్ని కసిదీరా మళ్ళీ తవ్విపెట్టింది. మనసు చల్లబడలేదు. మచ్చ కూడా తిరిగి దిద్దింది. అది చుక్కంత మచ్చ. దాన్ని చెరపాలంటే మొహాన్ని తెర నిండా పెద్దది చేసుకోవాలి. నిరుడు అలాగే పెద్దది చేసుకుని, వెతికి మరీ చెరిపింది. చేయేం జారలేదు.

ఫోన్ తీసి తోడికోడలికి చేసింది.

"ఏంటక్కా?"

"ఏం లేదే. ఆ మచ్చ నీకు బాగుండేది."



"ఈ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనలేదేంటక్కా" అంది చిన్నకోడలు.