కడిగిన నెత్తురు

అనుసూయాబాయి చేతివేళ్ళను పత్తి మిషన్ పట్టపగలే మింగింది. మిల్లు నిండా జనం చూశారు. అయినా బీమా కంపెనీవాడు అది జరగనే లేదన్నాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటి మాట. కుండల్‌వాడి జిన్నింగు మిల్లులో వారం వారం కూలీలోంచి బీమా పైసలు కోసేవారు. దెబ్బ తగిలితే కంపెనీ ఆదుకుంటుందని సేటు ఊరించి మరీ కోసేవాడు. ఆదుకోవలసిన రోజు రాగానే కంపెనీ ఇన్‌స్పెక్టరు మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఈడ నెత్తురు చుక్క లేదు. ఇంట్ల కొడవలితోటి కోసుకున్నదేమో" అని చేతులు దులుపుకున్నాడు.

నెత్తురు ఎందుకుంటుంది? నెత్తురు రుచి మరిగిన మిషన్‌ను అలాగే వదిలేస్తే మళ్ళీ అడుగుతుందని కూలీల భయం. అనుసూయను దవాఖానకని జీపెక్కించగానే తోటి ఆడవాళ్ళు మిషన్ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

అయితే అనుసూయకు కంపెనీ మీది కోపం కన్నా రఖమాబాయి మీది కుళ్ళు ఎక్కువ. అదే మిల్లులో, హోళీకి ముందు, రఖమ వేళ్ళూ పోయాయి. ఆమెకు మాత్రం బీమా సొమ్ము వచ్చింది. దానితో బర్రెను కొంది. పొద్దున్నే ఆ బర్రె అరిస్తే అనుసూయ కడుపు భగ్గుమనేది. సెంటు భూమి లేనిదాని గోడకు పిడకలు, రైతింటి కోడలికి పస్తులా? "దాని వేళ్ళు బంగారం, నావి బెండకాయలా?" అని మొగుణ్ణి పీక్కుతినేది.

మిల్లు గేటు ముందు రాజన్న సభ పెట్టాడు. బాయిలరు దగ్గర పనిచేసే రాజన్నే కూలీల సంఘానికి పెద్ద. "అందరం గల్సి నాందేడ్ బీమా ఆఫీసుకు పోదాం" అంటుండగానే అనుసూయ లేచింది.

"పోవుడెందుకు? గీ రఖమను అడుగుండ్రి, ఎవని కాళ్ళు మొక్కి తెచ్చుకున్నదో!"

గుంపు గొణిగింది. ఆ అనుమానం చాలామందికి ఉంది. రఖమ ముందుకొచ్చి మొండి చెయ్యి ఎత్తింది.

"నేనెవ్వని కాళ్ళు మొక్కలే అక్కా. నా నెత్తురు మిషన్ మీద అట్లనే ఎండిపాయె. ఒక్కలన్న కడిగిండ్రా? ఊరవతలి మా వాడ నెత్తురు ముడితే మైల అంటిరి. గందుకే ఇన్‌స్పెక్టరు అచ్చి చూసిండు, రాసుకున్నడు. నీకైతే అందరు ఉరికొచ్చి కడిగిండ్రు. ఆ పొద్దు నాకెంత కడుపు మండిందో నీకెర్కనా?"

అనుసూయకు తల కొట్టేసినట్లయింది. రఖమ వేళ్ళు పోయిన రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పక్క మిషన్‌లో పత్తి పోసింది తనే.

రాజన్న గొంతు హెచ్చింది. "మిషన్‌కు ఆకలుంటదా? ఆకలి సేటుకు! మిషన్‌కు చేతులు పడకుండ జాలీ పెట్టుమంటే పెట్టకపాయె. సేటుకు, కంపెనీకి మనలో మనం కొట్టుకుంటే పండుగ!"

మర్నాడు ఆడవాళ్ళంతా నాందేడ్ వెళ్ళి ఆఫీసులో బైఠాయించారు. "మేమే కడిగినం, రాసుకో!" అని కేకలు పెట్టారు. ఆఫీసరు అనుసూయను ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపేశాడు.

"రఖమాబాయి కావాలనే చెయ్యి పెట్టిందని ఒక్క అంగూఠా వెయ్యి బాయీ. ఆమె సొమ్ము వాపసు తీసుకుంటం. నీ కేసు ఇయ్యాలే పాస్."

నిజం చెప్పుకోవాలి, అనుసూయ బాగున్న చేతి బొటనవేలు సిరా దాకా పోయింది. బర్రె లేని రఖమ కొట్టాన్ని తలుచుకుంటే ఎంత హాయిగా ఉంది! అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి రేపు నా మీద ఎవలతోటి ఏపిస్తవ్ సాబ్, అంగూఠా?"

అనుసూయ తలుపు బార్లా తెరిచి ఆ బేరమంతా అందరికీ వినపడేలా అరిచింది. ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు. కుర్చీలు ఎగిరాయి, పోలీసులు దిగారు, లాఠీలు లేచాయి.

పోలీసు బండి మొదట ఎక్కింది రఖమ. చూసి అనుసూయకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"ఓసి, నా కేసుకు నువ్వు ముందెక్కుడేందే? జరుగు!"

రఖమ పకపకా నవ్వి మొండి చెయ్యి అందించింది. మైల అని చూడకుండా అనుసూయ ఆ చెయ్యి పట్టుకొని పైకి ఎక్కింది.

తెల్లారి కుండల్‌వాడి మిల్లు భోంగా కూలీలను పనికి పిలుస్తూ మోగింది. సేటు మళ్ళీ మోగించమన్నాడు. మిషన్ల దగ్గర ఒక్క మనిషీ లేడు. అందరూ నాందేడ్ ఠాణా ముందు కూర్చొని, "మమ్మల్ని గూడ లోపలెయ్యుండ్రి" అంటున్నారు.