రెండో అడ్రసు

గురజాల దాటాక ఉన్న ఆ సున్నపురాయి క్వారీలో పేలుడు జరగాలంటే ముందు కంప్యూటర్లో ఒక పేజీ పచ్చబడాలి. ‘గొయ్యి ఖాళీ’ అని అక్కడ నొక్కితేనే తాళాల పెట్టె తెరుచుకుంటుంది, సైరన్ మోగుతుంది. సైరన్ ఆగగానే బ్లాస్టర్ బాబూరావు పేల్చే పెట్టెలో తాళం తిప్పుతాడు. ఆ పేజీ గొయ్యి ఒడ్డు మీది ఆఫీసు ఇంటర్నెట్ అడ్రసు నుంచి తప్ప మరెక్కడి నుంచీ తెరుచుకోదు. గొయ్యిని కళ్ళతో చూసే మనిషే నొక్కాలని అలా కట్టుదిట్టం చేశారు. ఆ చూసే మనిషి శ్రీదుర్గ. గొయ్యిలో డ్రిల్లు వేసేవాడు ఆమె మొగుడు రమేష్.

ఆ మంగళవారం పొద్దున, పేజీ తయారుచేసిన ఐజాజ్ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు.

“అక్కా, మస్తాన్‌రావు గారు నరసరావుపేటలో తన ఇంటి ఇంటర్నెట్ అడ్రసు కూడా ఆ పేజీకి ఎక్కించమన్నాడు. ఎక్కించా.”

“ఇంట్లో కూర్చుంటే గొయ్యి ఏం కనపడుద్ది తమ్ముడూ?”

“అదే అడిగా. ‘నా క్వారీకి నేను పరాయోణ్ణా ఏంది?’ అని కసిరాడు.”

శ్రీదుర్గ ఆ పూట అన్నం డబ్బా మూత తీయలేదు.

మధ్యాహ్నం గొయ్యిలో కొత్తగా తెరిచిన మెట్టులో తొలి పేలుడు. యజమాని మస్తాన్‌రావు భార్య ప్రభావతమ్మ పంచాంగం చూసి, రాహుకాలం రాకముందే కానిమ్మంది. డ్రిల్లు వేసిన గుంటల్లో పేలుడు మందు కూరడం అయిపోయింది. డ్రిల్లు బండిని బయటికి తెస్తుంటే చక్రం రాళ్ళ సందున దిగబడింది. రమేష్, ఇంకో ఇద్దరు దాన్ని నెడుతున్నారు.

మస్తాన్‌రావు ఫోన్.

“ఏమ్మా, ఇంకా పచ్చ కాలేదేంది? మూడు కొడితే రాహుకాలం.”

“బండి దిగబడింది సార్. మనుషులు లోపలే ఉన్నారు.”

“పొద్దున్నుంచీ ఇదే పాట. ఈపాటికి ఎక్కేసుంటార్లే.”

“లేదు సార్, నాకు కనపడతానే—”

ఫోన్ తెగింది. ఆమె చెయ్యి మౌస్ మీద లేదు. పేజీ పచ్చబడింది.

సైరన్ అందుకుంది. ఆమె ఆపమనే ఎరుపు గుర్తు నొక్కింది. రెప్పపాటు ఎర్రబడి, మళ్ళీ పచ్చబడింది. ఎక్కడో చల్లటి గదిలో ఇంకో వేలు ఆమె వేలి మీద పంతం పట్టింది. బాబూరావుకు ఫోన్ చేస్తే, సైరన్ హోరులో ఎత్తేవాడు లేడు. అతని రేకుల గూడు అవతలి ఒడ్డున ఉంది. చుట్టు తిరిగి వెళ్ళేలోపు సైరన్ ఆగిపోతుంది. అక్కడికి బండి ఉన్న మలుపు కనపడదు, దిగుడు బాట మాత్రం కనపడుతుంది.

శ్రీదుర్గ ఫోన్ పిడికిట్లో పట్టుకుని ఆ బాటలోకే ఉరికింది.

సగం దిగేసరికి సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో తన చెప్పుల చప్పుడు ఒక్కటే ఆమెకు వినపడింది. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

“ఒసేయ్ దుర్గా! నీకేమన్నా పిచ్చా?” అవతలి ఒడ్డు నుంచి బాబూరావు అరుపు. తాళం పేల్చే పెట్టెలోంచి ఊడబీకి చేత్తో ఎత్తి చూపించాడు.

ఆమె చేతులు దించింది. మలుపు దాకా నడిచి, బండి పక్కనే రాతి మీద కూలబడింది. చుట్టూ మందు కూరిన గుంటలు. రమేష్ నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది.

“పేలిందా అమ్మా?” మస్తాన్‌రావు. “పచ్చ ఉంది గదా?”

“గొయ్యి ఖాళీ లేదు సార్. నేనూ లోపలే ఉన్నా.”

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

“మీ ఇంటి అడ్రసు తీసేశానని ఐజాజ్ నాకు చెప్పిందాకా పైకి రాను.”

“నన్నే బెదిరిస్తున్నావా?” అన్నాడతను చాలా మెల్లగా.

రమేష్ హెల్మెట్ తీసి ఆమె తలకు పెట్టి, పక్కన కూర్చున్నాడు.